దోమతెర సంచులు

జూన్ 21, కొరాపుట్

ల్యాబ్ అంతా మళ్ళీ రొయ్యల కంపు. ఆనీ భీమిలి నుంచి ఇంకో బస్తా పెంకులు తెప్పించింది. కారిడార్‌లో పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు ముక్కులు మూసుకుని పరుగులు తీస్తుంటే ఆమెకు ఒకటే నవ్వు. మా సార్ సౌమ్యరంజన్ గారు కిటికీలన్నీ తెరవమని చెప్పి, తన రూమ్ తలుపు మాత్రం గట్టిగా వేసుకున్నారు.

ఈ ప్రాజెక్ట్‌లో ఆనీ, నేనూ ఇద్దరమే రీసెర్చ్ ఫెలోలం. ఎరువు గింజలు తయారు చేయడం ఆనీ పని. పొలంలో ట్రయల్ వేయడం నా పని. పొలం మా నాన్నదే, గుణుపురం దగ్గర మా ఊళ్ళో. ఇంకెవరూ ఇవ్వలేదు మరి.

యూరియా చల్లితే చాలా భాగం నీళ్ళలో పోతుంది, గాలిలో పోతుంది. అందుకని దాన్ని నానో సైజు రేణువులు చేసి, రొయ్యల పెంకుల నుంచి తీసిన కైటోసాన్‌లో బిగించి గింజలు కడుతుంది ఆనీ. మట్టిలో ఆ కైటోసాన్ మెల్లమెల్లగా కుళ్ళుతుంది. కుళ్ళినకొద్దీ ఎరువు బయటికొస్తుంది. నాట్లప్పుడు ఒక్కసారి వేస్తే పంటంతా సరిపోవాలి. ఆఖరికి గింజ ఆనవాలు కూడా మట్టిలో మిగలకూడదు. ప్లాస్టిక్ పూత పూసిన ఎరువులు బజారులో ఎప్పటినుంచో ఉన్నాయి, ఆ పూత మాత్రం భూమిలోనే పడి ఉంటుంది. మనది అలా కాకూడదు అని ఆనీ పట్టు. పట్టంటే మామూలు పట్టు కాదు, ఆ మాటెత్తితే టీ కూడా చల్లారిపోతుంది.

జూన్ 24

నైలాన్ మెష్ ఆర్డర్ ఇంకా రాలేదు. పర్చేజ్ సెక్షన్‌కి వెళ్తే ఫైల్ పైకి వెళ్ళిందంటారు. పైవాళ్ళని అడిగితే కిందికి వచ్చేసిందంటారు.

ఆ మెష్‌తో చిన్న సంచులు కుట్టాలి. వాటిలో గింజలు వేసి పొలంలో పాతిపెట్టి, కొన్నాళ్ళకొకటి తవ్వి తీసి, ఎంత కరిగిందో తూచాలి. మెష్ లేకపోతే ట్రయల్‌లో సగం లేనట్టే. వాన మనకోసం ఆగదు.

మా ఇంట్లో గవర్నమెంటు వాళ్ళిచ్చిన దోమతెరలు కవర్లలోనే ఉన్నాయి, ఒకటి తెస్తాను అన్నాను. ఆనీ నా వైపు చూసిన చూపు! ఆ తెరలకు మందు ఉంటుంది, మట్టిలో సూక్ష్మజీవులు చస్తాయి, గింజ కుళ్ళదు, డేటా అబద్ధమవుతుంది, పీహెచ్‌డీ ఎవరిచ్చారు నీకు అంది. ఇంకా ఇవ్వలేదు కదా అన్నాను.

జూన్ 25

పొద్దున్నే ఆనీ తన సొంత దోమతెర పట్టుకొచ్చింది. వాళ్ళమ్మ యేసమ్మ గారు నర్సుగా చేరిన కొత్తల్లో కొనుక్కున్న నైలాన్ తెర. ఆనీ పుట్టాక దాని కిందే పెరిగింది. మందూ మాకూ లేనిది, ఉతికి ఉతికి పల్చబడిందే గానీ ఎక్కడా చిరగలేదు. నన్ను ఒక కొస పట్టుకోమని, టేబుల్ మీద పరిచి, స్కేల్ పెట్టి గీతలు గీసి కత్తిరించేసింది.

మరి నువ్వెలా పడుకుంటావు అన్నాను. కాయిల్ ఉంది, ఫ్యాన్ ఉంది, ఆదివారం సంతలో ఇంకోటి కొంటాను అంది.

కుట్లు ఎంత సన్నగా వేస్తుందో. మూతికి నీలం దారం, రెండు ముళ్ళు.

జూన్ 29, మా ఊరు

ఈరోజు ఉభాలు, వరినాట్లని మా వైపు అలాగే అంటాం. ఆనీ వచ్చింది. బురదలో మొదటి అడుగుకే జారి కూర్చుంది. మా అమ్మ ఎర్రమ్మ పరుగెత్తుకొచ్చి, ఓలమ్మా, ఆడగుంట పడిపోనాది, సూత్తారేటి నిలబడి అని నన్నూ నాన్ననీ కలిపి తిట్టింది.

మూడు మళ్ళు. ఒకటి ఆనీ గింజలది. ఒకటి మామూలు యూరియాది. మూడోదానికి ఏమీ లేదు. నాన్న ఢిల్లీశ్వరరావు గింజలు చేతిలో పోసుకుని, ఇదేటిరా, సగ్గుబియ్యం! పాయసం వొండుతారేటి మడిలో అన్నాడు. ఆనీ పగలబడి నవ్వింది. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు సగ్గుబియ్యమే.

సంచులు పాతడానికి పైన వేరే చిన్న మడి కట్టించింది, ఏ మడి నీళ్ళూ అందులోకి రాకుండా. సంచి సంచికీ ఎర్రగుడ్డ కట్టిన పుల్ల. అంకుల్, ఇక్కడ మాత్రం కాలు కూడా పెట్టొద్దు, ఏమీ చల్లొద్దు అని నాన్నతో మూడుసార్లు చెప్పింది. అలాగే అమ్మీ, నా పాణం పోయినా ఎవ్వుల్నీ రానీను అన్నాడు.

గింజలన్నీ అయిపోయాయి. ఈ బ్యాచ్ అంతా ఈ మడిలోనే. ఇదే సరైన బ్యాచ్ అట. ముందువి పగిలాయి, నేను చేసినవైతే చెప్పనే అక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు మందు తెర ఒకటి ఆనీ చేతిలో పెట్టాను. వాసనకి కళ్ళు మండుతాయి, నీడన ఆరేసి కడతాలే అంది.

కోతలయ్యాక మా సంగతి రెండు ఇళ్ళలోనూ చెబుదాం అనుకున్నాం. వాళ్ళు చర్చివాళ్ళు. మా అమ్మ అమ్మవారికి మొక్కనిదే విత్తనం తడపదు. పంట చేతికొచ్చాక చెబితే నాన్న మెత్తబడతాడని ఆనీ లెక్క. గింజలు గెలిస్తే నేనూ గెలిచినట్టే కదా మీ ఇంట్లో అంది. ఆ మాట బస్సెక్కుతూ అంది. నాకు రోజంతా నవ్వు ఆగలేదు.

జూలై 14, కొరాపుట్

ఆనీకి మూడు రోజుల్నుంచి జ్వరం. వానలో తడిసినందుకే అనుకున్నాం. టెస్ట్‌లో మలేరియా అని వచ్చింది. పెద్దరకం మలేరియా.

జూలై 15

మెదడుకి ఎక్కిందంటున్నారు. ఐసీయూ. యేసమ్మ గారు రాయగడ నుంచి వచ్చారు. నర్సు కదా, డాక్టర్ మొహం చూసే తెలుసుకుంటున్నారు.

జూలై 17

ఆనీ చచ్చిపోయింది.

జూలై 19

రాయగడలో సమాధి చేశారు. వాన. పాస్టర్ గారు గొడుగు కింద వాక్యం చదివారు. నేను ల్యాబ్ స్టాఫ్‌తో కలిసి వెనక నిలబడ్డాను. ఇంకెక్కడ నిలబడాలి? ఎవరినని నిలబడాలి?

అందరూ తలో పిడికెడు మట్టి వేశారు. నేనూ తీశాను. చేతిలోకి రాగానే ఎర్రమట్టి, బంక ఎక్కువ, తడి బాగా ఉంది అని నా బుర్ర దానంతటదే లెక్క కట్టింది. ఛీ అనిపించింది. మట్టి వేసి పక్కకి వెళ్ళి వానలో చెయ్యి కడుక్కున్నాను.

జూలై 27, కొరాపుట్

ఆనీ రూమ్ ఖాళీ చేయడానికి యేసమ్మ గారికి సాయం వెళ్ళాను. పెద్దగా ఏమీ లేవు. బట్టలు, పుస్తకాలు, వాళ్ళ ఊరి ఊరగాయ సీసా.

గోడలకి నాలుగు మేకులు, వాటికి తాళ్ళు వేలాడుతున్నాయి. షెల్ఫ్‌లో నేనిచ్చిన మందు తెర, కవరు కూడా విప్పలేదు. ఆవిడ ఆ తాళ్ళ వంకే చాలాసేపు చూశారు. నా తెర ఏది బాబూ, దాని కిందే పడుకునేది కదా అని అడిగారు. తెలీదండీ అన్నాను. పరుపెత్తి చూశారు. మంచం కింద చూశారు. మళ్ళీ పరుపెత్తి చూశారు.

ఆ తెర మా నాన్న పొలంలో, మట్టిలో ఉంది. ఆనీకి దోమ పొలంలో కుట్టిందో, రూమ్‌లో కుట్టిందో ఎవరికి తెలుసు. ఎవరికీ తెలీదు, ఎప్పటికీ తెలీదు. ఆ మాట ఆ తల్లితో ఎలా చెప్పను?

ఆగస్టు 3, మా ఊరు

మొదటి సంచి తీశాను. గింజలు కాస్త ఉబ్బాయి, అంతే. సరిగ్గా ఆనీ చెప్పినట్టే. మూతికి నీలం దారం, రెండు ముళ్ళు. ముడి విప్పబుద్ధి కాలేదు. పక్కన కుట్టు కోసి తీశాను.

ఉభాల్లో ఉండి మట్టి వెయ్యడానికి రానేకపోనాను అని నాన్న అన్నాడు. అన్నం సగంలో లేచిపోయాడు.

ఆగస్టు 17

మామూలు మడికి రెండో దఫా యూరియా వేశాం. ఈసారి యూరియా దొరకడమే గగనం, నాన్న గుణుపురంలో లైన్లో నిలబడి తెచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ మడి ఇంకా నలుపెక్కుతుంది, ఈ ఊళ్ళో అందరూ దాన్ని చూసే పైరు బాగుందంటారు.

ఆనీ మడి పాలిపోయినట్టుంది. నిజానికి పాలిపోలేదు, పక్కది మరీ పచ్చగా ఉండడం వల్ల అలా కనిపిస్తోంది. ఆకు పచ్చదనం కొలిచే మీటర్‌తో రీడింగ్ తీస్తే సరిగానే ఉంది. తొందరపడదు ఆనీ మడి, మెల్లగా తింటుంది. నాన్నకి చెప్పాను. ఊఁ అన్నాడు. గట్టు మీద పోయేవాళ్ళు, ఏటి ఢిల్లీశ్వరరావూ, సగ్గుబియ్యం ఉడకనేదేటి అని ఎగతాళి. నాన్న ఎవరితోనైనా నాలుగు మాటలు అనే మనిషి. తల దించుకుని పోయాడు.

సెప్టెంబర్ 7

ఆనీ మడి నల్లగా నిగనిగలాడుతోంది! పక్కదాన్ని మించిపోయింది. నడుం ఎత్తు, దుబ్బు గుప్పిట్లో పట్టడం లేదు. నేను ఊరంతా వినపడేలా అరిచాను. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాన్న మాత్రం నాను సెప్పనేదా అన్నట్టు మీసం దువ్వుకున్నాడు.

రెండో సంచి తీశాను. గింజలు మెత్తబడ్డాయి, సగానికి సగం కరిగాయి.

రీడింగ్ ఒక్కసారిగా పెరిగింది. ఇంత పెరగాలా? సంచిలో కరిగినదానికీ, ఆకులో రంగుకీ పొంతన కుదరడం లేదు. వానలు పడ్డాయి కదా, అందుకేనేమో. అందుకే.

సెప్టెంబర్ 9, కొరాపుట్

సౌమ్యరంజన్ సార్ ఫోటోలు చూసి కుర్చీలోంచి లేచారు. పేపర్‌లో ఫస్ట్ ఆథర్ ఆనీయే, ఇక ప్రాజెక్ట్ పొడిగింపుకి అడ్డు ఉండదు అన్నారు. సెమినార్ హాల్లో ఆనీ ఫోటో పెడదామన్నారు. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

అక్టోబర్ 12, మా ఊరు

కంకులు వంగాయి. ఆనీ మడివే ఎక్కువ వంగాయి. మూడో సంచిలో గింజలు తునకలైపోయి ఉన్నాయి.

సమాధుల పండగ ఎప్పుడని నాన్న అడిగాడు. నవంబర్ రెండు అన్నాను. నానూ వస్తాను అన్నాడు.

నవంబర్ 2, రాయగడ

బస్సులో నాన్న ఉతికిన పంచె కట్టుకుని, తడి తువ్వాలులో వరికంకులు చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆనీ మడివి. అమ్మ కోసి ఇచ్చింది.

సమాధులన్నిటికీ సున్నం వేశారు. పువ్వులు, కొవ్వొత్తులు, పాటలు. ఆనీది ఇంకా మట్టిదిబ్బే. యేసమ్మ గారు కొవ్వొత్తి ముట్టించి పక్కన నిలబడ్డారు. నాన్నకి అక్కడ ఏం చేయాలో తెలీదు. తనకొచ్చినట్టే చేశాడు. దిబ్బ మీద కంకులు పెట్టి, నీళ్ళు చిలకరించి, గొంతుక్కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టాడు.

అమ్మీ, నీ మడి ఓడిపోనీనేదు అన్నాడు. నువ్వు ఎల్లిపోనావు, మడి సూత్తే పాలిపోనాది, ఊరోళ్ళు నవ్వుతున్నారు, నాను సూడనేకపోనాను అన్నాడు. మావోడు కొరాపుట్టు ఎల్లినాక రెండు తూర్లు యూరియా జల్లేసినాను, మన మడికి మానీసి మరీ నీ మడికే ఏసినాను, ఇప్పుడు సూడు, ఊరంతా నీ పేరే సెప్పుకుంటన్నారు అన్నాడు.

నాకు సెప్టెంబర్ రీడింగ్ గుర్తొచ్చింది. యేసమ్మ గారు ఏడుస్తూ నాన్నకి దణ్ణం పెట్టారు. నా బిడ్డ మడిని మీ బిడ్డలా చూశారన్నయ్యా అన్నారు. నాన్న కూడా ఏడ్చాడు.

బస్సులో నాన్న నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. ఎంత నిశ్చింతగా నిద్రపోయాడో.

నవంబర్ 3, మా ఊరు

చెప్పేశాను. చెప్పకుండా ఉందామనే లేచాను పొద్దున్న. గట్టు మీద కంకులు నిమురుతూ సగ్గుబియ్యం గొప్పదిరా అంటుంటే ఆగలేకపోయాను. అరిచాను. గొప్పది సగ్గుబియ్యం కాదు, నువ్వు చల్లిన యూరియా, ఇది ఇప్పుడు ఆనీ మడి కాదు, ఆ గింజలు పనిచేశాయో లేదో ఇంక చచ్చినా తెలీదు, ఆ గింజలు ఇక లేవు, చేసిన చేతులూ లేవు అని అరిచాను.

నాన్న గట్టు మీద కూలబడ్డాడు. అయితే నానే సెరిపీసేనేటిరా అన్నాడు. ఆ పిల్ల మనింటికొచ్చే పిల్లేనని మీ అమ్మ ఆ రోజే సెప్పీసినాది, మనింటి పిల్ల ఓడిపోతంటే సూస్తూ ఊరుకుంటామేటి అన్నాడు.

వాళ్ళకి తెలుసు. ఉభాల రోజునుంచీ తెలుసు. కోతలయ్యాక చెబుదామనుకున్న మేమే పిచ్చివాళ్ళం. నాన్న పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆయన చెయ్యి నా వీపు మీద వేశాడు. యూరియా బస్తాలు మోసి మోసి కాయలు కాసిన చెయ్యి.

నవంబర్ 5, కొరాపుట్

సార్‌తో చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు. మీ నాన్నగారు, నువ్వు, నేను తప్ప ఎవరికి తెలుసు అన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆనీ కోసమే అంటున్నాను, ఇంత కష్టపడిన అమ్మాయి పేరు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి కదా అన్నారు.

ఆశ కలిగింది. అవును, కలిగింది. కారిడార్‌లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆ పేరు అచ్చులో ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

కానీ ఆనీ తన తెర ఎందుకు కత్తిరించింది? మందు ఉన్న తెర అయితే డేటా అబద్ధమవుతుందని. దానికోసం తెర లేకుండా పడుకుంది. ఇప్పుడు ఆమె పేరు కిందే అబద్ధం రాయనా?

దిగుబడి ట్రయల్ రద్దు అని మెయిల్ పెట్టాను. ప్రాజెక్ట్ మార్చితో ఆఖరు. సెమినార్ హాల్లో ఫోటో ఉండదు.

నవంబర్ 9

ఒకటే ఆలోచన. సంచులు? ఆ పైమడిలో నాన్న చల్లాడా?

ఫోన్ చేశాను. నాన్నకి కోపం వచ్చింది. ఆ గుంట నాతో మూడు తూర్లు సెప్పినాది, కాలు ఎట్టొద్దనీ, ఏటీ జల్లొద్దనీ, నాను మాట తప్పేవోణ్ణా, మీ అమ్మ కోడిపిల్ల అటెల్తే రాయుచ్చుకుని తరిమినాను అన్నాడు.

నవంబర్ 23, మా ఊరు

కోతలు. ఆనీ మడి మేమే కోశాం, నేనూ అమ్మా నాన్నా. తూచలేదు. అమ్మ ఆ ధాన్యం వేరే పోసింది. కొత్త బియ్యం యేసమ్మ గారికి పంపుతుందట.

నాన్న కొడవలి పక్కన పెట్టి పైమడికి వచ్చాడు. మిగిలిన సంచులన్నీ తీశాం. ఆయన ఒక్కొక్క ఎర్రగుడ్డ పుల్లా పీకి, చేత్తోనే మట్టి తవ్వి, దులిపి నాకందించాడు. ఏ సంచిలోనూ ఏమీ లేదు. కాస్త ఒండు మట్టి, రెండు వేరుపోగులు. మిగలకూడదు అంది, మిగల్లేదు. ఆనీ ముందే గ్రాఫులో గీసిన గీత మీదే నడిచింది కరుగుడు, ఆగస్టు నుంచి ఇవాళ్టిదాకా.

మడిలో పంట మాట ఎప్పటికీ చెప్పలేను. గింజ మాట చెప్పగలను. నాలుగు పేజీల చిన్న నోట్ అవుతుంది. ఆనీ పేరు మీదే.

ఏటీ నేదురా ఇందులో అని నాన్న బెంగగా అడిగాడు. లేకపోవడమే మంచిది నాన్నా అన్నాను. అర్థం కాలేదు ఆయనకి. సంచి మళ్ళీ ఒకసారి తిరగేసి చూశాడు.

డిసెంబర్ 7, రాయగడ

యేసమ్మ గారికి బియ్యం ఇచ్చాను. తెర ముక్కలు ఉతికి ఆరేసి తెచ్చాను, అవీ ఇచ్చాను. ఎక్కడ ఉన్నాయో, ఎందుకు కత్తిరించిందో, ఎవరు కొస పట్టుకున్నారో అంతా చెప్పాను.

ఆవిడ ఒక ముక్క తీసి కిటికీ వెలుగుకి పట్టి చూశారు. నేను కోసిన కుట్టు తప్ప ఎక్కడా ఒక్క చిరుగు లేదు. నీలం దారం ఇంకా ఉంది.

పనిచేసిందా అని అడిగారు.

చేసిందండీ అన్నాను.